ధర్మాబాద్ మిర్చి ముక్కుతోని నాసిక్ వైన్ తోటలు

నాసిక్ వైన్ తోటలు ఎట్లుంటయని మా దిక్కు ఎవరడిగినా నేను చెప్పేది ఒక్కటే. తాగనీకె పోయేటోనికి ఆ ఖర్చు దండుగ. వాసన చూడనీకె పోయేటోనికి మాత్రం పెట్టిన పైసలు వసూలైతయి.

మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్ల, తెలంగాణ హద్దు దగ్గర, మిర్చి అడ్తి. పొద్దుగాల నుంచి పొద్దుగూకే దాంక ముక్కుతోనే పని. బస్తాల చెయ్యి పెట్టి నాలుగు కాయలు తీసి, తొడిమ విరిచి, నలిపి చూస్తె చాలు, ఎండల ఎండిన సరుకా, మబ్బు పట్టినంక ఎండిందా, తూకం కోసం నీళ్లు చల్లిన్రా, అన్నీ దొరికిపోతయి. అసొంటి ముక్కున్నోనికి ఈ షోకు బాగ కుదిరింది. మా బామ్మర్దిది బిలోలి. ఆయనకు ముక్కు లేదు గని నోరుంది, అందుకే ఇద్దరం కలిసి పోతం.

పోవుడు సులువే. శుక్రవారం సాయంత్రం దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితె తెల్లారకముందే నాసిక్ రోడ్ల దిగుతం. ఆదివారం అర్ధరాత్రి దాటినంక అదే బండి వాపసు దొరుకుతది, సోమవారం మధ్యాహ్నం లోపట దుకాణంల ఉంటం. ఇంట్ల పెద్దోళ్లకు త్ర్యంబకేశ్వర్ దర్శనం అని చెప్తం. అబద్ధం కాదు, శనివారం పొద్దుగాల నిజంగనే పోతం, నాసిక్ నుంచి ముప్పై కిలోమీటర్ల లోపే. దర్శనం అయినంక బండి వైన్ తోటలున్న గంగాపూర్ డ్యామ్ దిక్కు తిప్పుతం. మా అత్తమ్మకు ప్రసాదం ముడుతది, మిగిలిన సంగతి ఆమె అడగదు.

మొదటిసారి పోయేటోళ్లు అందరు సులా అనే వైన్ తోటకే పోతరు, పోవాలె కూడ. స్టాన్‌ఫర్డ్‌ల చదివొచ్చిన రాజీవ్ సామంత్ ఇక్కడి సొంత భూమిల 1997ల సొవిన్యాన్ బ్లాంక్, షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ ద్రాక్ష తీగెలు పెట్టిండు. 2000ల మొదటి సీసాలు బయటికొచ్చినయి. తల్లి పేరు సులభ, అందుకే సులా. అప్పటిదాంక నాసిక్ అంటె పండ్ల బండ్ల మీద అమ్మే థామ్సన్ సీడ్‌లెస్సే. 2001ల మహారాష్ట్ర సర్కార్ ద్రాక్ష నుంచి వైన్ తీసే కార్ఖానాలకు వేరే పాలసీ తెచ్చినంక ఒకరెనుక ఒకరు దిగిన్రు. సులాల టూర్ ఒక పద్ధతిగ నడుస్తది, తెల్వనోనికి అక్షరాభ్యాసం అక్కడ్నే చేసుకునుడు మంచిది.

గని ఎప్పుడు పోవాలె అన్నదే అసలు మాట. చాన మంది వానకాలంల పోతరు, కొండలు పచ్చగుంటయి, ఫోటోలు మంచిగొస్తయి. లోపట చూడనీకె మాత్రం పని నడవదు. జనవరి ఆఖరు నుంచి మార్చి మొదటి వారాల దాంక పోండి. ఐరోపాల చలికి ద్రాక్ష తీగె నిద్రపోతది. మన దగ్గర అంత చలి లేదు, తీగెకు నిద్ర లేదు. అందుకని ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తరు. ఏప్రిల్ల కత్తిరించేది కొమ్మ గట్టిపడనీకె, సెప్టెంబర్, అక్టోబర్ల కత్తిరించేది కాయ కోసం. ఆ లెక్కన పంట ఎండకాలం ముంగట చేతికొస్తది. మన మిర్చి బజార్ వేడెక్కేది గూడ ఆ నెలల్లనే, అయినా ఒక శనివారం తీసుకుంట. ఆ రోజుల్ల క్రషర్ నడుస్తుంటది, ట్యాంకులల్ల రసం పొంగుతుంటది, ట్యాంకుల గదిల అడుగుపెడితె పులుపు, ఈస్ట్, పండు అన్నీ కలిసి ఒక్కసారి ముక్కుకు తగులుతయి. ఈత కల్లు దింపే చోట పెరిగినోనికి ఆ వాసన కొత్తేం గాదు. కల్లును గాలిల ఉన్న ఈస్టే పులియబెడుతది, ఇక్కడ కొలిచి వేస్తరు, తెల్ల వైన్ పులిసే ట్యాంకులను చల్లగ ఉంచుతరు.

తోటల ఒక పిల్లగాడు రిఫ్రాక్టోమీటర్ చేతికిచ్చిండు. పండు పిండి ఒక చుక్క రసం గాజు మీద వేసి వెలుతురు దిక్కు చూస్తె తీపి లెక్క కనబడతది. వైన్ ద్రాక్షను సుమారు 22 నుంచి 24 బ్రిక్స్ (తీపి కొలత) దగ్గర కోస్తరు, మనం తినే ద్రాక్ష కంటె ఎక్కువ తీపి. నేను తిని చూసిన. పండు చిన్నది, తోలు మందం, లోపట విత్తులు. బండి మీద పెడితె ఎవరూ కొనరు. మా బామ్మర్ది నల్ల ద్రాక్ష పిండి, "బావా, ఇది నల్లగుంది, రసం తెల్లగొస్తుంది ఏంది?" అన్నడు. అదే గమ్మతు. రంగు తోలుల ఉంటది, రసంల గాదు. తోలుతోని కలిపి పులియబెడితె ఎర్ర వైన్, పిండి తోలు పక్కకు పెడితె తెల్లది.

ఇగ నాకు ఈ పిచ్చి పట్టిన కారణం చెప్త. టేస్టింగ్ల మొదటి గ్లాసు సొవిన్యాన్ బ్లాంక్. ముక్కు దగ్గర పెట్టుకున్న, పచ్చి మిర్చి! తోటల కొమ్మ విరిస్తె వచ్చే పచ్చి వాసన అచ్చంగ. గైడ్ నవ్వి, అది పైరజిన్, క్యాప్సికమ్ల, పచ్చి మిర్చిల ఉండేది గూడ అదే అన్నడు. పండు బాగ మాగితె, ఎండ తగిలితె అది తగ్గుతది. కబెర్నే సొవిన్యాన్ అనే ఎర్ర వైన్ ద్రాక్షను పచ్చిగ కోస్తె అండ్ల గూడ వస్తది. షిరాజ్ అనే ఎర్ర వైన్ గ్లాసుల నాకు మిరియం తగిలింది. దానికీ పేరుంది, రోటండోన్. మిరియాలల్ల ఘాటైన వాసన ఇచ్చేది అదే. మసాల దినుసుల మధ్య బతికేటోనికి ఇంతకంటె ఏం కావాలె? మిగతా మంది "స్ట్రాబెర్రీ", "వెనిల్లా" అని ఏదో చెప్తుంటె, నేను పచ్చి మిర్చి నుంచి మిరియం దాంక ఒక్కొక్కటి పట్టుకుంట కూసున్న.

అందుకే చెప్తున్న, గైడ్ లేని చోట పైసలు పెట్టొద్దు. ఒక చోట, పేరు వద్దు, శనివారం సాయంత్రం పోతె జాతర. డీజే చెవులు పగలగొడుతుంది, పోసే పిల్లగానికి ఏ గ్లాసుల ఏముందో తెల్వదు, తెల్ల వైన్ వెచ్చగ పోసి పోయిండు. మాట్లాడదామంటె పాట వినబడతది, వాసన చూద్దామంటె పక్కనోని సెంటు. తోటల కోతలు నడిచే రోజుల్ల ఇట్ల చేసుడు పాపం. మీకు డీజేనే కావాలంటె నాందేడ్ల పెండ్లి బరాతుకు పోండి, పైసలు గూడ పడవు.

చిన్న చోట్లు మేలు, పొద్దుగాలయితె ఇంకా మేలు. గంగాపూర్ డ్యామ్ నీళ్లు కనబడేటట్టు యార్క్ అనే వైన్ తోట డాబా ఉంది, దాన్ని 2021ల సులా కొన్నది. ఇగత్‌పురి దిక్కు పోతె వలోనె ఉంది, ముకనె చెరువు ఎదురుగ. దిండోరిల శాండన్, నురగ వైన్ కోసం. నురగ వైన్ను సీసలనే రెండోసారి పులియబెట్టి, సీసను కొంచెం కొంచెం తిప్పుకుంట మడ్డిని మూతికి తెచ్చి, ఆ మడ్డి తీసి మళ్ల మూత వేస్తరు. అంత పని చూసినంక ధర మీద నేను గునుసుడు మానేసిన. సోలాపూర్ల చుట్టాలున్న పద్మశాలీలకు నాసిక్ దాంక ఎందుకు, అక్లూజ్ దిక్కు ఫ్రాటెల్లి అనే వైన్ తోట ఉంది, నేనింకా పోలేదు.

తిండి సంగతి. ఈ మాట ఏ గైడూ సరిగ చెప్పలేదు, మేమే లాడ్జిల పరీక్ష చేసుకున్నం. మా మిర్చితోని ఇంట్ల దంచిన ఎర్ర కారం, వెల్లుల్లి కలిపింది ఒక డబ్బ తెచ్చుకున్నం, జొన్న రొట్టె బయట తీసుకున్నం. ముందు షిరాజ్. రెండో గుటకకు మా బామ్మర్ది కండ్లల్ల నీళ్లు. ఎర్ర వైన్ల వగరు, అండ్ల ఉన్న ఆల్కహాల్ రెండూ కారానికి నిప్పు పెడతయి. అసలే మంట, మీద ఇంకో మంట. తర్వాత బాగ చల్లబడిన షెనిన్ బ్లాంక్, కొంచెం తీపి ఉన్నది. నాలుక సల్లబడ్డది. తీపి, చలువ కారాన్ని పట్టుకుంటయి. ఆఖరుకు లేట్ హార్వెస్ట్, బాగ మాగనిచ్చి ఆలస్యంగ కోసిన పండ్లది, అది కారం రొట్టెకు మించింది లేదు. పెద్ద పెద్ద హోటళ్లల్ల మటన్‌కు ఎర్రదే అని చెప్తరు గద, మన సైడు మటన్‌కు ఆ మాట నమ్మకండి. కారం తక్కువేసి వండిన సుక్కా అయితె సరే. నాసిక్ మిసల్ (మొలకల కారం కూర) మాత్రం పొద్దుగాల ఒట్టిగనే తినాలె, అండ్ల దేనినీ కలపొద్దు.

సీసలు ఇంటికి తెద్దామా అని అందరు అడుగుతరు. నేను వద్దనే అంట. ఎండకాలం మా ఇంట్ల అటక మీద పెడితె వారానికే ఉడికి చెడిపోతది. మా బామ్మర్ది నిజామాబాద్ కోల్డ్ స్టోరేజ్ల మన మిర్చి బస్తాల మధ్య పెడదామన్నడు. బయటికి తీసేనాటికి ఏది మిర్చి, ఏది వైన్ తెల్వకుండ పోతది బామ్మర్దీ అన్న. పైగా హద్దు దాటితె తెలంగాణ, అక్కడి ఎక్సైజ్ లెక్క వేరు. నాసిక్లనే తాగి, నాసిక్లనే మరిచిపోయి రావాలె.

ఖర్చు చెప్పాలంటె టూర్‌కు, టేస్టింగ్‌కు కొన్ని వందలే. పైసలు తినేది రూము, బండి. నాసిక్ నుంచి తోటలకు, తోట నుంచి తోటకు రోజంతా టాక్సీ మాట్లాడుకోండి. తాగి బండి నడిపే మాటే వద్దు, సాయంత్రం తోటల దగ్గర వాపసు ఆటోలు దొరకవు. తెల్లంగి వేసుకోకండి. పర్ఫ్యూమ్ కొట్టుకోకండి, వాసన పోతది, పక్కనోనిది గూడ పోతది. ఇంకోటి, కోతల కాలంల జనవరి 26 సెలవు వస్తది. ఆ రోజు మహారాష్ట్రల డ్రై డే. ద్రాక్ష కోసుడు చూపిస్తరు గని గ్లాసు పొయ్యరు. రిజర్వేషన్ చేసేముందు క్యాలెండర్ చూసుకోండి.