పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్: మా చీరల సైటు ఫోన్‌లో ఎందుకు తెరుచుకోవట్లేదో దీనివల్లే తెలిసింది (5కి 4)

మంగళగిరిలో మాది చేనేత చీరల దుకాణం. రెండేళ్ల క్రితం సైటు చేయించాం. చేసినవాళ్లు లాప్‌టాప్‌లో చూపించారు, ముచ్చటగా ఉంది. కానీ మా దగ్గర కొనేవాళ్లు చూసేది ఫోన్‌లో. "అక్కా, తిరుగుతూనే ఉంది, చీరలు కనబడట్లేదు" అని పాత ఖాతాదారు ఒకావిడ ఫోన్ చేస్తే చాలా బాధేసింది.

సైటు ఎంత వేగంగా తెరుచుకుంటుందో కొలిచే గూగుల్‌వాళ్ల పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మా సైటు అడ్రస్ వేసి చూశాను. ఉచితం, లాగిన్ అక్కర్లేదు. వందకి కంప్యూటర్‌కి 86 మార్కులు, మొబైల్‌కి 27! మామూలు ఫోను, నెమ్మదైన 4జీ ఉన్నట్టు లెక్కకడుతుంది కాబట్టి అంత తేడా. కారణం కిందనే రాసి ఉంది: ఒక్కో చీర ఫొటో 4 ఎంబీ. మా మేనల్లుడు వాటిని వెబ్‌పీ అనే తేలికైన ఫొటో ఫార్మాట్‌లోకి మార్చి 150 కేబీకి తెచ్చాడు. నిజాం అంచు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తోంది, నాకు కావలసింది అదే. పేజీలో పెద్ద బొమ్మ 2.5 సెకన్లలోపు రావాలట. మాది 11 నుంచి 3కి దిగింది.

భాష మాత్రం కష్టం, మేనల్లుడు లేకపోతే సగం అర్థమయ్యేది కాదు. మార్కులు కూడా చూసిన ప్రతిసారీ కాస్త మారతాయి, రెండు మూడుసార్లు చూడండి. ఇంకోటి, మా ఫోన్ నంబరు బ్యానర్ బొమ్మలో కలిసిపోయి, నొక్కితే కాల్ వెళ్లేది కాదు. అది ఈ టూల్ పట్టుకోలేదు, నేనే ఫోన్‌లో చూసి కనిపెట్టాను. ఇప్పుడు కాల్, వాట్సాప్ బటన్లు బొటనవేలికి అందేలా అడుగున పెట్టించాం.