ఇంటి వైన్‌కి ఏ బిరడా మేలు?

ఏటా సెప్టెంబరులో ఇక్కడ నార్త్ కరోలినాలో మస్కడైన్ ద్రాక్ష పండుతుంది. తోటకెళ్లి కోసుకొచ్చి వైన్ పెట్టుకునే స్నేహితులు మాకు కొందరున్నారు. కార్బాయ్ అనే పెద్ద సీసాలో వైన్ తేటపడి, సీసాలు కడుక్కునే వేళకి అందరూ అడిగేది ఒకటే: “అన్నా, ఏ కార్క్ కొనమంటావు?” ఆ సీసా ఎవరు తెరుస్తారు, దేంతో తెరుస్తారు అని నేను ఎదురడుగుతాను.

బిరడాని సీసాలోకి నొక్కే పరికరం, అదే కార్కర్, ఉంటే బిరడా దించడం నిమిషం పని. ముక్కలవకుండా బయటికి రావడమే అసలు సంగతి. ఫెడరల్ చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా వైన్ చేసుకోవచ్చు గానీ అమ్మకూడదు. అందుకే తాగగా మిగిలింది పంచిపెడతాం. పుచ్చుకున్నవాళ్ల వంటింటి డ్రాయర్లో ఉండేదేమో రెండు రెక్కల చవక ఓపెనర్. వాటిలో చాలావాటి మొన మరమేకులా నిండుగా ఉంటుంది. అది కార్క్‌ని సరిగ్గా పట్టుకోకుండా మధ్యలో తొలిచేస్తుంది. రెక్కలు నొక్కగానే నడుమ భాగం పొడిపొడిగా ఊడొస్తుంది, అంచులు సీసా మెడలోనే ఉండిపోతాయి. అప్పుడు ఓపెనర్‌ని ఎవరూ ఏమీ అనరు, “ఇంటి వైన్ కదా” అంటారు.

సైజు దగ్గర పెద్ద చర్చ లేదు. మామూలు 750 మి.లీ. సీసా మెడ లోపల సుమారు 18.5 మి.మీ. ఉంటుంది. 9వ నంబరు కార్క్ 24 మి.మీ., 8వ నంబరు 22 మి.మీ. చేత్తో నొక్కే రెండు లివర్ల కార్కర్‌తో 8 సులువుగా దిగుతుంది. 9కి నేలమీద నిలబెట్టే కార్కర్ ఉంటే హాయి, ఇంట్లో వైన్, బీరు చేసుకునే సామాను అమ్మే హోమ్‌బ్రూ షాపులు కొన్ని అద్దెకిస్తాయి. బిగువు బాగుంటుంది కాబట్టి నా ఓటు 9కే. పొడవు ఒకటిన్నర అంగుళం చాలు.

ఇక రకాలు. అచ్చమైన కార్క్ అందంగా ఉంటుంది, కాదనను. ప్రపంచంలో దాదాపు సగం కార్క్ పోర్చుగల్‌దే. కార్క్ ఓక్ చెట్టుకి పాతికేళ్లొస్తేగానీ తొలి బెరడు తీయరు, ఆ తర్వాత తొమ్మిదేళ్లకోసారి. మొదటి రెండు కోతల బెరడు సీసా బిరడాలకి పనికిరాదు. మూడో కోత వచ్చేసరికి చెట్టుకి నలభై దాటుతుంది, అందుకే మేలురకం ధర అలా ఉంటుంది. మనకి చవకగా దొరికే రకంలో రంధ్రాలెక్కువ, విరిగేదీ అదే. పైగా టీసీఏ అనే పదార్థం చేరితే వైన్‌కి తడిసిన అట్టపెట్టె వాసన పడుతుంది. పదేళ్లు దాచే వైన్‌కైతే మేలురకం కొనండి. ఏడాది రెండేళ్లలో అయిపోయే మస్కడైన్‌కి అది వట్టి సోకు.

సింథటిక్‌ది పొడి రాలదు, వాసన పట్టదు, సీసా నిలబెట్టి ఉంచినా ఎండిపోదు. కానీ చేతి కార్కర్ దవడలు దానిమీద గీత పడేస్తే ఆ గీత వెంట వైన్ కారుతుంది. తీసేటప్పుడు గట్టిగా లాగాలి. తీశాక ఓపెనర్ నుంచి విడిపించడం ఇంకో పని. సగం తాగి మళ్లీ పెడదామంటే లోపలికి పోదు.

మిగిలింది కార్క్ పొడిని జిగురుతో అతికి చేసేది. ముతక పలుకుల రకం అన్నింటికన్నా చవక, రెక్కల ఓపెనర్‌కి దొరికితే చిమ్మిలిలా రాలుతుంది. సన్న పలుకులది మాత్రం గట్టిగా, సమంగా ఉంటుంది. ఎలాంటి ఓపెనర్‌తోనైనా సాధారణంగా నిండుగా వచ్చేస్తుంది. నేను కొనేది ఇదే. రెండు చివరలా అసలు కార్క్ బిళ్లలు అతికించినదీ బాగానే ఉంటుంది.

ఏది కొన్నా కార్క్‌లని ఉడకబెట్టకండి, మెత్తబడి పాడవుతాయి. క్రిముల్ని చంపే సల్ఫైట్ కలిపిన నీళ్లలో ఓసారి ముంచితే చాలు. బ్లీచ్ దగ్గరికి రానివ్వకండి, టీసీఏకి దారి అదే. బిరడా పెట్టాక రెండు మూడు రోజులు సీసా నిలబెట్టి, ఆ తర్వాత పడుకోబెట్టాలి. బిరడా దానంతటదే పైకి లేస్తోందంటే తప్పు చాలాసార్లు కార్క్‌ది కాదు. పులియడం పూర్తవలేదు, లేదా గ్యాస్ పోలేదు. వైన్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ అంకె కొన్నాళ్లపాటు కదలకుండా ఉన్నాకే సీసాలకెత్తండి.

తీయడానికి హోటల్ వెయిటర్లు వాడే రెండు మెట్ల ఓపెనర్‌ని మించింది లేదు. దాని తీగ నడుమ బోలుగా ఉంటుంది. మొనని కార్క్ నడిమధ్యన కాకుండా వెంట్రుకవాసి పక్కన గుచ్చితే చుట్టు సరిగ్గా మధ్యలోకి దిగుతుంది. ఆఖరి చుట్టు పైన కనబడుతుండగానే ఆపండి, అడుగు చీలి పొడి వైన్‌లో పడదు. కార్క్ పాతబడి పెళుసెక్కితే ఆహ్‌సో అనే రెండు రేకుల ఓపెనర్ వాడాలి. దాని రెండు రేకుల్ని కార్క్‌కీ గాజుకీ మధ్య అటూ ఇటూ ఊపుతూ దించి, తిప్పుతూ లాగడమే. సగంలో విరిగితే మిగిలిన ముక్కలోకి తీగని ఏటవాలుగా దించి చూడండి. రాకపోతే లోపలికే తోసేసి, కాఫీ ఫిల్టర్‌లో వడగట్టుకోవచ్చు. తాగడానికి ఏ దోషమూ లేదు.

ప్లాస్టిక్ టోపీ ఉండి చేత్తోనే తీయగలిగే టీ-కార్క్ నెలల్లో ఖాళీ అయ్యే సీసాలకి చాలు, ఓపెనర్ లేని ఇంటికి పంపేటప్పుడు అదే నయం. స్క్రూ మూత సీసాలు ఊరికే వస్తున్నాయని వాటిలోకి 9వ నంబరు దించకండి, మెడ పగిలే ప్రమాదం ఉంది.