ఇసబ్గోల్ పొట్టు: అండాశయాలు తీయించుకున్నాక ఎల్‌డీఎల్ కోసం వాడుతున్నాను

మందుల షాపులో దొరికే మామూలు ఇసబ్గోల్ పొట్టు ఇది. అందరూ మలబద్ధకానికి కొంటారు. నేను కొన్నది కొలెస్ట్రాల్ కోసం.

నలభై రెండో ఏట గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారు. అంతకుముందు 118 ఉన్న ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, తర్వాత 161 అయింది. తిండి మారలేదు, బరువూ పెరగలేదు. అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజన్ హార్మోన్ ఉన్నన్నాళ్లూ లివర్ రక్తంలోని ఎల్‌డీఎల్‌ను బాగా లాగేసుకుంటుంది, అది పోతే ఆ పని మందగిస్తుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3 శాతమైతే, ఆంధ్రలో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8. వీళ్లలో అండాశయాలు కూడా పోయినవాళ్లకి రక్తంలో కొవ్వులు చూసే లిపిడ్ పరీక్ష చేయించుకోమని ఎవరైనా చెబుతున్నారా అని నాకు చాలా దిగులుగా ఉంటుంది.

షాపతను ముందు ఒక ఒమేగా-3 డబ్బా చూపించాడు. ముందువైపు పెద్దక్షరాల్లో 1000 మిల్లీగ్రాములు. వెనక్కి తిప్పితే అసలు ఒమేగా-3 కొవ్వులైన ఈపీఏ 180, డీహెచ్‌ఏ 120, అంతే. మిగతాదంతా వేరే కొవ్వు. పైగా ఒమేగా-3 ఉండే చేపనూనె పనిచేసేది ట్రైగ్లిజరైడ్లనే వేరే రకం రక్తపు కొవ్వు మీద, అదీ ఈపీఏ, డీహెచ్‌ఏ కలిపి రోజుకు రెండు నుంచి నాలుగు గ్రాములు పడితేనే. నాకు పెరిగింది ఎల్‌డీఎల్. కొనలేదు.

ఇసబ్గోల్ పేగుల్లో జిగురై పైత్యరసాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. మళ్లీ పైత్యరసం తయారుచేయడానికి లివర్ రక్తంలోని కొలెస్ట్రాల్‌నే వాడుకోవాలి. డాక్టరమ్మని అడిగే మొదలుపెట్టాను. రోజుకు 10 గ్రాములు, అంటే రెండు పెద్ద చెంచాలు, ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. పెద్ద గ్లాసుడు పల్చటి మజ్జిగలో కలిపి వెంటనే తాగేయాలి. కాసేపు వదిలితే గంజి గడ్డకట్టినట్టవుతుంది, గొంతు దిగదు. మొదట్లో కడుపుబ్బరం, గ్యాస్ బాగానే ఉన్నాయి. అందుకే అరచెంచాతో మొదలుపెట్టి పెంచుకోవడం మంచిది.

తర్వాతి పరీక్షలో ఎల్‌డీఎల్ 148. ట్రైగ్లిజరైడ్లు ఉన్నచోటే ఉన్నాయి. ఇంతకు మించి ఆశించకూడదు, డాక్టరు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర రాస్తే దీన్ని చూసుకుని అది మానకూడదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు రెండింటికీ నాలుగు గంటలైనా ఎడం ఉంచండి. మింగడం కష్టంగా ఉన్నవాళ్లు అసలు ముట్టుకోవద్దు. ఆరెంజ్ రుచి ప్యాకెట్లలో చాలావాటికి చక్కెర కలుపుతారు, ఏ రుచీ లేని తెల్ల పొట్టే అడిగి తీసుకోండి.