బొంత మీద పూసల గీత: మియుకి 11 సైజు వాడి చూశాక

మా ఇంట్లో బొంత అంటే కప్పుకునేదే. అమ్మమ్మ పాత చీరలు నాలుగు పొరలుగా చాప మీద పరిచి, చుట్టూ జరుగుతూ కుట్టేది. నేను గోడకి తగిలించడానికి బొంత కుడుతున్నానంటే అమ్మకి ఇప్పటికీ మింగుడు పడదు. "చలి గోడకే నీకు కాదుటే?" అంటుంది.

ఈసారి కుట్టింది మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. ఎండాకాలం ప్రకాశం బ్యారేజీ దిగువన కృష్ణలో ఇసుక మేటలు బయటపడతాయి కదా, వాటి మధ్య సన్నగా మిగిలే నీటి పాయ నా మనసులో ఉంది. నది బొమ్మ వెయ్యలేదు, రంగులూ గీతలూ మాత్రమే. పై పొరకి మీగడ రంగు మంగళగిరి నూలు గుడ్డ, పెడన కలంకారీ ముక్కలు, అమ్మమ్మ చీర కొంగు. మధ్యలో కాటన్ వాడింగ్, అంటే దూది పొర. అడుగున తెల్ల పాప్లిన్. పాయ మాత్రం పూసలతోనే రావాలనుకున్నాను.

మొదట బజారులో తూకానికి అమ్మే ఎర్ర పూసలు, నీలం పూసలు తెచ్చాను. ఒక మూల కుట్టి, తడిగుడ్డతో తుడిచానో లేదో మీగడ గుడ్డ మీద గులాబీ మరక. కొట్టులో అడిగితే "మగ్గం వర్క్ జాకెట్లు ఎవరు ఉతుకుతారమ్మా" అన్నారు. ఆ మరక పోలేదు. ఆ మూల మీద ఇంకో ముక్క వేసి కప్పేశాను, మూడు రోజుల పని పోయింది. అప్పటి నుంచీ ఏ పూసలు కొన్నా గుప్పెడు తడిపి, తెల్లగుడ్డలో మూటకట్టి రాత్రంతా ఉంచుతాను. ఇంకో గుప్పెడు సగం కాగితంతో కప్పి వారం పాటు కిటికీలో పెడతాను.

ఆ రెండు పరీక్షలూ దాటినవి మియుకి అనే కంపెనీ గుండ్రటి గాజు పూసలు, 11 సైజు. జపాన్‌లో హిరోషిమా ప్రిఫెక్చర్‌లోని ఫుకుయామాలో తయారవుతాయి. ఒక్కోటి దాదాపు 2 మిల్లీమీటర్లు. నేను తీసుకున్నవి మెరుపు లేని మ్యాట్ నీలం, బూడిద రంగు. వీటిలో నాకు అన్నిటికంటే నచ్చింది రంధ్రం. 10 నంబరు పూసల సూది రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు కూడా ఇబ్బంది లేకుండా దూరింది. తూకం పూసల్లో పదికి ఒకటైనా సూదిని పట్టేసి పగిలేది.

రెండుసార్లు దూరడం ఎందుకంత ముఖ్యమంటే, గీత నిలిచేది దాని మీదే. మూడు పూసలు ఎక్కించి సూదిని కిందికి దించి, రెండో, మూడో పూసల మధ్య పైకి తీసి, చివరి పూసలోంచి మళ్లీ పోనివ్వాలి. అలా చేస్తేనే వంపు తిరిగిన చోట వరస విరిగినట్టు కనిపించదు. రెండు అంగుళాలకోసారి ముడివేసి ఆ ముడిని వాడింగ్‌లోకి లాగేయాలి. దారం తెగినా ఆ రెండంగుళాలే ఊడుతుంది. దారం నైలాన్‌ది, మైనం రాసి వాడాను. నూలు దారాన్ని గాజు అంచు మెల్లగా కోసేస్తుంది. చివర కొక్కెం ఉండే మగ్గం సూదితో త్వరగా అవుతుందేమోనని ప్రయత్నించాను గానీ, కొక్కెం దారంతో పాటు వాడింగ్ పీచునీ పైకి లాగింది. బొంతకి అది పనికిరాదు. మిషన్ కుట్టు మొత్తం అయ్యాకే పూసలు మొదలుపెట్టండి. ముందే కుడితే మిషన్‌లో గుడ్డని నొక్కిపట్టే ప్రెస్సర్ ఫుట్ వాటి మీదికెక్కుతుంది, సూది విరుగుతుంది.

కలంకారీ నలుపు మీద మాత్రం నేను పూసలు కుట్టను. ఇనుప ముక్కలు, బెల్లం నానబెట్టి తీసే కసీం నలుపు ఏళ్లు గడిచేకొద్దీ గుడ్డని బలహీనం చేస్తుంది. దాని మీద గాజు బరువు ఎందుకు?

బరువు చిన్న విషయం కాదు. గ్రాముకి సుమారు 110 పూసలు. నా పాయ ఏడు వరసలు, 40 గ్రాములు దాటింది. వెనకాల కర్ర దూర్చే గొట్టాన్ని రెండు పొరల గుడ్డతో కుట్టాక గానీ పై అంచు తిన్నగా నిలవలేదు.

అన్నిటికీ ఇవే వాడమని చెప్పను. ఇసుక కోసం ఇవే చల్లినట్టు కుట్టి చూశాను, అన్నీ ఒకే కొలత కావడంతో జీవం రాలేదు. రంగు దిగని తూకం పూసలు, చిన్నవీ పెద్దవీ వంకరవీ, ఏరి వేశాను. అక్కడ అవే బాగున్నాయి. మియుకి వాళ్లవే డెలికా అనే చిన్న గొట్టాల్లాంటి రకం ఉంది, ఇంకా సమానంగా ఉంటుంది. పూసలతోనే అల్లిక చేసేవాళ్లకి అది సరైనది. మెత్తటి బొంత మీద నా కంటికి గచ్చు పలకల్లా కనిపించింది. రంగుల పట్టికలో డైడ్ (రంగు అద్దినవి) అని రాసి ఉన్నవి ఎండ పడే గోడకి తీసుకోకండి. లోహపు మెరుపు కావాలంటే మామూలు గాల్వనైజ్డ్ పూత రకం కంటే డ్యూరాకోట్ అన్న రకం ఎంచుకోండి, పూత ఎక్కువ కాలం ఉంటుంది.

ధర ఎక్కువే. 10 గ్రాములకి పెట్టిన డబ్బుకి బజారులో పెద్ద పొట్లమే వస్తుంది. అందుకే గీతలకి మాత్రమే ఇవి. ఇప్పుడు రెండో బొంతకి బూడిద రంగు ఇంకో 20 గ్రాములు తెప్పించాను. అడుగు పొర కోసం అమ్మ తనే బీరువాలోంచి పాత వెంకటగిరి చీర తీసి ఇచ్చింది.