దారంతో కొలిచిన సిడ్నీ

సిడ్నీలో ఉన్న అబ్బాయి దగ్గరికి వెళ్లడానికి టికెట్లు కొనేముందు, మనవడు వదిలేసి వెళ్లిన గ్లోబు మీద దారం పెట్టి చూశాను. ముప్పై ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ మాత్రం సరదా ఉంటుంది. ఒక కొస విశాఖ మీద, ఇంకో కొస సిడ్నీ మీద నొక్కి బిగిస్తే దారం సింగపూర్ మీదుగానే పోయింది. లెక్కేస్తే విశాఖ నుంచి సింగపూర్ సుమారు 2,900 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి సిడ్నీ 6,300. మొత్తం 9,200. మధ్యలో దిగకుండా ఎగిరినా దాదాపు అంతే. ఢిల్లీ వెళ్లి ఎక్కితే మాత్రం 11,800. ఇచ్ఛాపురం పోవాల్సినవాడు శ్రీకాకుళంలో తుని బస్సెక్కినట్టు!

సింగపూర్ దాకా ఒక టికెట్, అక్కణ్ణుంచి సిడ్నీకి ఇంకోటి విడివిడిగా తీసుకుంటే చవక అన్నాడు ఏజెంటు. అలా తీసుకుంటే సింగపూర్‌లో సామాను మనమే తీసుకుని మళ్లీ అప్పగించాల్సి రావచ్చు. అందుకు ఇమిగ్రేషన్ దాటాలి, దానికి వీసా అడగొచ్చు. ఈ సంగతి ఏజెంటు చెప్పలేదు, అబ్బాయి ఫోన్‌లో చెప్పాడు. కాస్త ఎక్కువైనా ఒకే పీఎన్‌ఆర్ మీద తీసుకున్నాం. విశాఖలో వదిలిన పెట్టెల్ని మళ్లీ సిడ్నీలోనే చూశాం.

అసలు టెన్షన్ అంతా మొదటి 110 కిలోమీటర్లలోనే. సాయంత్రం ఐదింటికి శ్రీకాకుళంలో ఇంటి దగ్గర కారెక్కాం. రణస్థలం దాటకుండానే బళ్లన్నీ ఆగిపోయాయి. "లారీ పడిపోనాది మేస్టారూ" అని డ్రైవర్ దిగి చూసొచ్చి చెప్పాడు. భోగాపురం దగ్గర మా ఆవిడ, "ఆ కొత్త ఎయిర్‌పోర్టేదో తొందరగా కట్టేస్తే ఇక్కడే ఎక్కేద్దుం కదండీ" అంది. విశాఖ చేరేసరికి ఎనిమిది. ఆ మూడు గంటల్లో విమానం అయితే సింగపూర్‌కి ముప్పావు దూరం పోతుంది.

రాత్రి విమానం. నాలుగు గంటల ప్రయాణమే అయినా వాళ్ల గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు కాబట్టి, దిగేసరికి తెల్లారబోతోంది. చాంగీలో, అంటే సింగపూర్ ఎయిర్‌పోర్టులో, ఆరు గంటలు ఆగాలి. హోటల్ గది తీసుకోలేదు, అనవసరం. కాళ్లు చాపుకునే కుర్చీలు ఉచితంగానే ఉన్నాయి, కార్పెట్ శుభ్రంగా ఉంది. చలి మాత్రం ఎక్కువ, దుప్పటి లాంటిది చేతి సంచిలో ఉండాలి. ఎయిర్‌పోర్టుని ఆనుకుని ఉన్న జ్యువెల్ మాల్‌లోని 40 మీటర్ల జలపాతం ఇమిగ్రేషన్ అవతల ఉంది. టెర్మినళ్ల మధ్య తిరిగే చిన్న రైలు దాని పక్కనుంచే పోతుంది కనుక అద్దంలోంచి చూశాం. మా ఆవిడ కోసం రెండుసార్లు ఎక్కాం.

సిడ్నీ విమానం ఎనిమిది గంటలు, పగలు. దాని గురించి చెప్పడానికేం లేదు, మోకాళ్లు తప్ప.

దిగాక తిండి వస్తువులన్నీ ఫారంలో రాయాలి. పలాస జీడిపప్పు, ఆవకాయ రెండూ రాశాం. ఆఫీసరమ్మ ఆవకాయ సీసా పైకెత్తి, వెలుతురులో తిప్పి చూసి, ఏం మాట్లాడకుండా వెనక్కి పెట్టేసింది. రాయకుండా దొరికితే జరిమానా.

ఇంటి గడప నుంచి అబ్బాయి గడప దాకా పాతిక గంటలు, అందులో గాల్లో ఉన్నది పన్నెండే. మే నెల కాబట్టి సిడ్నీ మనకంటే నాలుగున్నర గంటలు ముందుంది, అక్కడి వేసవిలో అయితే ఐదున్నర. నా వాచీ మార్చుకున్నాను. మా ఆవిడ మార్చనివ్వలేదు. "ఇది ఇలాగే ఉండనీండి, ఇంటికి పాలబ్బాయి ఎప్పుడొస్తాడో తెలుస్తాది" అంది.