ప్లేఫుల్, నాటీ, మిస్చివస్: పిల్లల గురించి ఏ మాట మేలు?

పేరెంట్స్ మీటింగులు మొదలయ్యాయంటే చాలామంది అడిగేది ఒకటే. "టీచర్ మా వాణ్ణి ప్లేఫుల్ అన్నారు. మెచ్చుకున్నట్టా, తప్పుపట్టినట్టా?" మరి ఇంట్లో మనం రోజూ అనే నాటీ మాటేమిటి? అర్థాలు అందరికీ తెలిసినవే. నేను మాత్రం ముందు ఒక్కటి చూస్తాను: ఆ మాట బిడ్డ మీద తప్పు మోపుతోందా, లేదా?

నాటీ మోపుతుంది. ఫోన్ ముట్టుకోవద్దన్నా తీసుకెళ్లి బకెట్లో పడేసినవాడు నాటీ. షేక్‌స్పియర్ కాలంలో ఈ మాటకు దుర్మార్గం అనే అర్థమే ఉండేది. 'మర్చంట్ ఆఫ్ వెనిస్'లో పోర్షియా లోకాన్ని నాటీ అన్నది ఆ అర్థంలోనే. ఇప్పుడది పిల్లల అల్లరి దాకా మెత్తబడింది కానీ, పెద్దవాళ్ల విషయంలో శృంగారపు ఛాయ వచ్చి చేరింది. అందుకే ఆఫీసులో తోటివాళ్లను సరదాకైనా నాటీ అనకూడదు.

మిస్చివస్ మన కొంటెతనానికి దగ్గర. తాతగారి కళ్లజోడు దిండు కింద దాచేసి, ఆయన టేబులంతా తడుముతుంటే తలుపు చాటున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే మనవరాలు మిస్చివస్. నవ్వుకూ చూపుకూ ఇది చక్కగా నప్పుతుంది. కానీ ఒక పుకారును మిస్చివస్ అంటే దురుద్దేశంతో పుట్టించారని అర్థం. చట్టంలోని మిస్చిఫ్ కూడా నేరమే: 1860 నాటి శిక్షాస్మృతిలో సెక్షన్ 425, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 324. కావాలనో, నష్టం జరుగుతుందని తెలిసో ఇతరుల ఆస్తిని పాడుచేయడం అది. అన్నట్టు, పలికేటప్పుడు మిస్చివస్ అనాలి. చాలామంది అనే మిస్చీవియస్‌ను నిఘంటువులు ప్రామాణికంగా ఒప్పుకోవు.

ప్లేఫుల్‌లో తప్పు ఊసే లేదు. పిల్లికూనను అనొచ్చు, మాట తీరును అనొచ్చు, రంగురంగుల గది అలంకరణనూ అనొచ్చు. చిక్కంతా మన బడుల్లోనే. ప్రోగ్రెస్ కార్డులో 'ప్లేఫుల్ ఇన్ క్లాస్' అని ఉంటే సాధారణంగా పాఠం మీద ధ్యాస లేదనే. ఇది నాకు బొత్తిగా నచ్చదు. ఐదేళ్ల బిడ్డకు ఆట లోపం ఎలా అవుతుంది? ధ్యాస నిలవకపోతే ఆ సంగతే రాయాలి, ఏ పాఠంలో, ఎంతసేపటికి అన్నది కూడా చెప్పాలి. కార్డులో ఆ మాట కనిపిస్తే టీచర్‌ను అదే అడగండి.

ఫ్రిస్కీ గంతులేసే కుక్కపిల్లకూ గొర్రెపిల్లకూ బాగుంటుంది, పెద్దవాళ్లకు వద్దు. ఇంపిష్ చిలిపి నవ్వుకు సరిపోతుంది. స్కిటిష్ ఎక్కువగా చీటికీమాటికీ బెదిరే గుర్రానికి వాడేది, మనుషుల విషయంలో నిలకడలేని ఆటతనాన్నీ చెబుతుంది.

అడ్మిషన్ ఫారంలో 'మీ బిడ్డ గురించి రాయండి' అన్నచోట నేనైతే ప్లేఫుల్ అనే రాస్తాను. దాని పక్కనే వాడు దేంతో, ఎవరితో ఆడతాడో ఒక్క వాక్యం చేర్చండి, చదివేవాళ్లకు సందేహం ఉండదు.