బీచ్ దగ్గర వీధికి ఏది మేలు: తారు రోడ్డా, సిమెంటు రోడ్డా?

మంచు కురిసే ఊళ్లలో రోడ్డు మీద ఉప్పు చల్లి మంచు కరిగిస్తారు. కరిగిన నీళ్లు పగుళ్లలోకి దిగి మళ్లీ గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బి రోడ్డును చీలుస్తాయి. విశాఖలో ఆ చలి లేదు. ఉప్పు మాత్రం గాలిలోనే ఉంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను వానలూ ఉన్నాయి. లాసన్స్ బే కాలనీ, పెద జాలారిపేట లాంటి చోట్ల వీటిని విడివిడిగా చూడాలి. తారుకు గండం నీళ్లు. సిమెంటుకు గండం ఉప్పు, అదీ లోపల ఇనుము ఉంటేనే.

ఉప్పు గాలి తారును పెద్దగా ఏమీ చేయదు. నిలవ నీరు మాత్రం కంకరకీ తారుకీ మధ్య దూరి పట్టు వదిలిస్తుంది. ముందు సన్న కంకర చిప్స్ లేచి రోడ్డు అంచున పోగుపడతాయి, ఆ తర్వాతే గుంత. గుంత కనబడే సరికి చుట్టుపక్కల జానెడు మేర కూడా లోపల వదులైపోయి ఉంటుంది, అందుకే పైపైన వేసిన ప్యాచ్ మళ్లీ వానకి నిలవదు. మన కొండల్లో దొరికే ఖోండలైట్ తొందరగా శిథిలమయ్యే రాయి, నీళ్లు పీలుస్తుంది. గట్టి చార్నొకైట్ కంకరే అడగండి. కంకర బరువులో 2 శాతం పొడి సున్నం కలిపితే పట్టు బాగుంటుంది. వీజీ-30 రకం (తారు చిక్కదనాన్ని బట్టి ఇచ్చే గ్రేడు) వాడితే, తారు కంకర కలిపిన మిక్స్ వేడి 90 డిగ్రీలకు పడిపోకముందే రోలర్ పని అయిపోవాలి. చినుకుల్లో వేస్తామంటే లారీని వెనక్కి పంపడమే మంచిది.

సిమెంటు రోడ్డు నీళ్లకు జంకదు. కానీ ఉప్పు చేరితే లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, పైన పెచ్చులు లేస్తాయి. బీచ్ వైపు పాత మేడల సన్‌షేడ్లు చూస్తే సంగతి తెలుస్తుంది. వీధి రోడ్డుకి ఆ ఇనుము అవసరమే లేదు. గట్టిగా ఉంటుందని మెష్ (ఇనుప చువ్వల వల) వేయించడం డబ్బిచ్చి రోగం కొనుక్కోవడమే. ఎం30 (బలాన్ని బట్టి ఇచ్చే గ్రేడు) కాంక్రీటు 15 సెంటీమీటర్ల మందం, నాలుగు మీటర్లకో జాయింటు, అంటే అడ్డంగా కోసే గాటు, చాలు. జాయింటును 24 గంటల్లోపు, మందంలో మూడో వంతు లోతున కోయాలి. ఆలస్యమైతే శ్లాబు తనకి నచ్చిన చోట పగులుతుంది. స్లాగ్ సిమెంటు (ఉక్కు కర్మాగారపు చిట్టెం పొడి కలిపినది) ఉప్పును బాగా తట్టుకుంటుంది, గట్టిపడటం మాత్రం నెమ్మది. అందుకే క్యూరింగ్ (తడి ఆరకుండా ఉంచడం) 14 రోజులకు తగ్గకూడదు. సులువుగా పారుతుందని కాంక్రీటు కలిపే మిల్లర్‌లోకి పైపు పెట్టి నీళ్లు వదిలితే పై పొర దుమ్మై లేచిపోతుంది. బీచ్ ఇసుక జోలికి పోవద్దు. ఉప్పు బోరు నీళ్లు కూడా వద్దు, ట్యాంకర్ తెప్పించండి.

ఇరుకు సందుకి, నీరు నిలిచే పల్లానికి సిమెంటే మేలు. బస్సులు తిరిగే వెడల్పు రోడ్డుకి పక్కన కాల్వ సరిగ్గా ఉంటే తారే నయం, రాత్రి వేసి పొద్దున్నే బండ్లు వదలొచ్చు. డ్రైనేజీ, మంచినీళ్ల పైపులు ఇంకా పడాల్సిన వీధికి ఈ రెండూ దండగ. అక్కడ 80 మిల్లీమీటర్ల పేవర్ బ్లాకులు వేస్తే తవ్విన చోట తీసి మళ్లీ పేర్చుకోవచ్చు.

ఏది వేసినా ముందు పాత రోడ్డు గీకించండి. పొర మీద పొర వేస్తూ పోతే రోడ్డు గేటు గడప కంటే ఎత్తై, వాన నీళ్లు ఇళ్లలోకే వస్తాయి.